సీఈఏ నార్మల్ అంటున్నారు, గడ్డ మాత్రం ఉంది: ఎంఎంఆర్ పరీక్ష కోసం ఆగాలా?

వేకువచుక్క

అందరికీ నమస్కారం. అమ్మకి పెద్దపేగులో కుడివైపు గడ్డ బయటపడింది. నీరసం, ఆయాసం అంటోందని రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ బాగా తక్కువ వచ్చింది. అక్కడ మొదలై కొలొనోస్కోపీ దాకా వెళ్లాం. ముక్క తీసి పంపితే క్యాన్సర్ అని తేలింది. సీటీలో లివర్‌లో కూడా మచ్చలు కనిపించాయి, స్టేజ్ 4 అన్నారు.

నాకు రెండు విషయాలు అంతుపట్టడం లేదు. సీఈఏ అని రక్తంలో చూసే క్యాన్సర్ మార్కర్ ప్రొటీన్ 3.2 వచ్చింది, ల్యాబ్ కాగితం మీద 5 లోపు నార్మల్ అని ఉంది. లివర్ దాకా పాకిన జబ్బులో అది నార్మల్‌గా ఎలా ఉంటుంది? రెండోది, కీమో వెంటనే మొదలుపెడతారనుకుంటే డాక్టర్ గారు "ఎంఎంఆర్ ఐహెచ్‌సీ రిపోర్ట్ రానివ్వండి, దాన్ని బట్టి మందే మారిపోవచ్చు" అన్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్. రోజులు ఊరికే పోతున్నాయని నాన్న నా మీద కోప్పడుతున్నారు. ఆ పరీక్ష కోసం ఆగడం సరైనదేనా? తెలిసినవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి.

మళ్లీవసంతం

వేకువచుక్క గారూ, నాది స్టేజ్ 3. ఆపరేషన్, కీమో అయిపోయి ఇప్పుడు ఫాలో-అప్‌లో ఉన్నాను. ఆపరేషన్‌కి ముందు నా సీఈఏ 40 దాటింది. గడ్డ తీసేశాక నెలన్నరలో 2కి దిగింది. అంటే నా గడ్డ ఆ ప్రొటీన్‌ని రక్తంలోకి వదిలే రకం. కాబట్టి ఇప్పుడు కొన్ని నెలలకోసారి చేయించుకునే ఆ నంబర్ నాకు నిజంగా పనికొస్తోంది. అదే వార్డులో ఉన్న ఒక పెద్దాయనకి జబ్బు బాగా ముదిరినప్పుడు కూడా 2 దాటలేదు. ఆయన విషయంలో డాక్టర్లు ఆ కాగితాన్ని పక్కనపెట్టి స్కాన్‌నే నమ్ముకున్నారు. అమ్మగారిది కూడా ఆ రకమేమో.

పాథాలజీబల్ల

పై సభ్యులు చెప్పింది అక్షరాలా నిజం. నేను రోజూ ఈ స్లైడ్లు చూసే పనిలోనే ఉన్నాను కాబట్టి కొంచెం విడమరచి రాస్తాను.

సీఈఏని 1965లో మాంట్రియల్‌లో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ కనిపెట్టారు. పెద్దపేగు క్యాన్సర్‌లోనూ, కడుపులో ఉన్న బిడ్డ పేగులోనూ వాళ్లకి ఆ ప్రొటీన్ కనిపించింది. ఇక ఒక్క రక్తపరీక్షతో క్యాన్సర్‌ని ముందే పట్టేయొచ్చని చాలామంది ఆశపడ్డారు. ఆ ఆశ నిలవలేదు. పొగ తాగేవాళ్లలో కాస్త ఎక్కువగానే ఉంటుంది. లివర్ జబ్బుల్లో, పేగు వాపుల్లో పెరుగుతుంది. మరోవైపు, క్యాన్సర్ ఉన్నా పెరగనివాళ్లు బోలెడంతమంది. అందుకే దీన్ని జబ్బు ఉందో లేదో తేల్చడానికి వాడరు. జబ్బు ఖాయమయ్యాక వైద్యం ఎలా పనిచేస్తోంది, తిరగబెడుతోందా అని గమనించడానికి వాడతారు. అదీ మొదట్లో పెరిగి ఉన్నవాళ్లలోనే బాగా అక్కరకొస్తుంది. ఇంకోమాట, కీమో మొదలైన తొలి నెలా నెలన్నరలో కొందరికి సీఈఏ కొద్దిరోజులు పెరిగి తర్వాత దిగుతుంది. ఆ ఒక్క నంబర్ చూసి మందు పనిచేయలేదని బెంబేలెత్తకూడదు.

ఇక ఎంఎంఆర్ గురించి. మీ డాక్టర్ గారు ఆగమన్నది నా ఉద్దేశంలో చాలా సరైన మాట.

కణం రెండుగా చీలేముందు తన డీఎన్‌ఏని కాపీ చేసుకుంటుంది. అప్పుడు చిన్న చిన్న తప్పులు పడతాయి. వాటిని వెతికి సరిచేసే పనినే ఎంఎంఆర్ (మిస్‌మ్యాచ్ రిపేర్) అంటారు. ఆ పని చేసే ప్రొటీన్లలో మేం చూసేవి నాలుగు: ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6. ఇవి జంటలుగా పనిచేస్తాయి. ఎంఎల్‌హెచ్1తో పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2తో ఎంఎస్‌హెచ్6. ఎంఎల్‌హెచ్1 పోతే దాని జోడీ పీఎంఎస్2 కూడా నిలవలేక కరిగిపోతుంది, కాబట్టి రిపోర్ట్‌లో రెండూ లేవని వస్తుంది. పీఎంఎస్2 ఒక్కటే పోతే ఎంఎల్‌హెచ్1 ఉంటుంది. రెండో జంటలోనూ అంతే, ఎంఎస్‌హెచ్2 పోతే ఎంఎస్‌హెచ్6 కూడా పోతుంది. ఏ ప్రొటీన్ లేదో చూస్తే లోపం ఏ జీన్‌లో ఉండొచ్చో చాలావరకు తెలుస్తుంది.

ఈ ఐహెచ్‌సీ పరీక్ష ఎలా చేస్తామంటే, ఫార్మలిన్‌లో నానిన ముక్కని పారఫిన్ మైనంలో బిగించి, మూడు నాలుగు మైక్రాన్ల మందంలో పలచటి పొరలు కోస్తాం. ఒక్కో పొర మీద ఒక్కో ప్రొటీన్‌కి అతుక్కునే యాంటీబాడీ వేస్తాం. ప్రొటీన్ ఉన్నచోట కణం న్యూక్లియస్ గోధుమరంగుకి తిరుగుతుంది, లేనిచోట నీలంగానే ఉండిపోతుంది. ఇక్కడ నేను మొదట చూసేది గడ్డ కణాల్ని కాదు. వాటి మధ్య ఉన్న లింఫోసైట్లని (ఇవి రక్షణ కణాలు), పక్కనున్న మామూలు పేగు పొరని చూస్తాను. అవి గోధుమరంగులో ఉండి తీరాలి. అవి గోధుమరంగులో ఉండి, గడ్డ కణాలు మాత్రం నీలంగా ఉంటేనే "ప్రొటీన్ లేదు" అని రాస్తాం. రెండూ నీలంగా ఉంటే స్టెయిన్ సరిగ్గా పడలేదన్నమాట, పరీక్ష మళ్లీ చేయాలి. ఈ ఒక్క జాగ్రత్త తప్పితే మనిషికి ఇవ్వాల్సిన మందే తారుమారైపోతుంది.

కొలొనోస్కోపీలో తీసిన చిన్న ముక్క దీనికి సరిపోతుంది. ఆపరేషన్ దాకా ఆగక్కర్లేదు.

వేకువచుక్క

పాథాలజీబల్ల గారూ, చాలా థాంక్సండీ. నాన్నకి చదివి వినిపించాను. కానీ తప్పులు సరిచేసే ప్రొటీన్ లేకపోతే జబ్బు ఇంకా ముదరాలి కదా? దాన్ని మంచి వార్తలా ఎందుకు చెప్తారు?

టీకణం

వేకువచుక్క గారూ, ఈ సబ్జెక్ట్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇది.

ఆ నాలుగిట్లో ఒకటి లేకపోతే కణంలో తప్పులు వందలూ వేలల్లో పేరుకుంటాయి. ముఖ్యంగా ఒకే అక్షరం వరసగా రిపీట్ అయ్యే చోట్ల ఒక అక్షరం జారిపోవడమో, అదనంగా చేరడమో జరుగుతుంది. దీన్నే మైక్రోశాటిలైట్ అస్థిరత అంటారు, రిపోర్టుల్లో ఎంఎస్ఐ-హై అని ఉంటుంది. ఒక్క అక్షరం జారితే అక్కడి నుంచి ఆ ప్రొటీన్ వరస మొత్తం మారిపోతుంది. అలా పుట్టిన ముక్కలు మన శరీరం అంతకుముందు ఎన్నడూ చూడనివి. కణం వాటిని తన ఉపరితలం మీద పెట్టి చూపిస్తుంది. సీడీ8 టీ-కణాలు అనే రక్షణ కణాలు వాటిని పరాయివిగా గుర్తుపట్టి గుంపులుగా చొరబడతాయి.

కాబట్టి గడ్డకి లాభించిన లోపమే ఇమ్యూనిటీకి దాని ఆచూకీ ఇస్తుంది. ఈ లోపం ఉన్న గడ్డలు మొత్తం పెద్దపేగు క్యాన్సర్లలో దాదాపు 15% ఉంటాయి, స్టేజ్ 4లో మాత్రం 4–5 శాతమే. ఈ తేడా గురించి నేను పదే పదే ఆలోచిస్తుంటాను. చాలావాటిని దూరం పాకకుండా ఇమ్యూనిటీ కట్టడి చేస్తోందనడానికి అదొక బలమైన సూచన.

మరి అంత గుంపు చేరినా గడ్డ ఎందుకు బతుకుతోంది? టీ-కణం మీద పీడీ-1 అనే ప్రొటీన్ ఉంటుంది. అది బ్రేక్ లాంటిది. గడ్డలోని కణాలు, చుట్టూ చేరిన ఇతర రక్షణ కణాలు పీడీ-ఎల్1 చూపించి ఆ బ్రేక్ నొక్కి ఉంచుతాయి. పీడీ-1ని తసుకు హోంజో బృందం 1992లో కనిపెట్టింది. ఇలాంటిదే ఇంకో ప్రొటీన్ సీటీఎల్ఏ-4 మీద జేమ్స్ ఆలిసన్ పనిచేశారు. ఇద్దరికీ కలిపి 2018లో నోబెల్ వచ్చింది. పెంబ్రొలిజుమాబ్, నివొలుమాబ్, డొస్టార్లిమాబ్ లాంటి మందులు ఆ నొక్కుడు తీసేస్తాయి. ఈ వైద్యాన్నే ఇమ్యూనోథెరపీ అంటారు. క్యాన్సర్‌ని చంపే పని మందు చేయదు, అప్పటికే గడ్డలో ఉన్న టీ-కణాలు చేస్తాయి. టీ-కణాలు ముందే చేరి ఉన్న గడ్డల్లో ఇది బాగా పనిచేయడానికి కారణం అదే.

సూటిప్రశ్న

ఆశ చూపించడం మంచిదే, కానీ అంకెలు కూడా చెప్పండి. "మందు ఇచ్చిన అందరికీ క్యాన్సర్ మాయమైంది" అని ఒక మెసేజ్ ఎప్పటినుంచో తిరుగుతోంది. దాన్ని నమ్మి మనుషులు కీమో వద్దంటున్నారు. మా బంధువుల్లోనే చూశాను.

టీకణం

సూటిప్రశ్న గారు అడగాల్సింది అడిగారు.

ఆ మెసేజ్ 2022లో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ నుంచి వచ్చిన డొస్టార్లిమాబ్ స్టడీ గురించి. ఫలితం నిజమే. అప్పటికి ఆరు నెలల మందు పూర్తయిన 12 మందిలోనూ గడ్డ కనిపించకుండా పోయింది. 2025 నాటికి ఆ సంఖ్య 49కి చేరింది, వాళ్లందరిలోనూ అదే ఫలితం. కానీ వాళ్లంతా మలాశయం దగ్గర గడ్డ ఉన్నవాళ్లు, జబ్బు దూరం పాకనివాళ్లు, పైగా అందరికీ ఎంఎంఆర్ లోపం ఉంది. ఈ మూడు షరతులూ ఎగరగొట్టేసి మెసేజ్ పంపడం వల్లే అనర్థం.

నెదర్లాండ్స్‌లో చేసిన నిచ్-2 స్టడీ పెద్దపేగు గడ్డల మీద. అక్కడ కూడా ఎంఎంఆర్ లోపం ఉన్నవాళ్లనే తీసుకున్నారు, అక్కడా జబ్బు దూరం పాకలేదు. ఆపరేషన్‌కి ముందు కొద్దివారాలు ఇమ్యూనోథెరపీ ఇచ్చి, తీసిన గడ్డని పరీక్షిస్తే 95% మందిలో క్యాన్సర్ కణాలు పదో వంతుకో అంతకన్నా తక్కువకో పడిపోయాయి, 68% మందిలో ఒక్కటి కూడా మిగల్లేదు.

వేకువచుక్క గారి అమ్మగారి పరిస్థితికి దగ్గరగా ఉండేది కీనోట్-177 స్టడీ. స్టేజ్ 4, ఎంఎంఆర్ లోపం ఉన్న 307 మంది. సగం మందికి మొదటి మందుగానే పెంబ్రొలిజుమాబ్, మిగతావాళ్లకి కీమో. జబ్బు ముదరకుండా నిలిచిన కాలం పెంబ్రొలిజుమాబ్‌తో మధ్యస్థంగా 16.5 నెలలు. కీమోలో 8.2. అమెరికాలో 2020లో దీన్ని మొదటి వైద్యంగా అనుమతించారు. చెక్‌మేట్ 8హెచ్‌డబ్ల్యూ అనే ఇంకో స్టడీలో నివొలుమాబ్, ఇపిలిముమాబ్ రెండూ కలిపి ఇస్తే రెండేళ్ల తర్వాత కూడా జబ్బు ముదరనివాళ్లు 72%, కీమో తీసుకున్నవాళ్లలో 14%.

సూటిప్రశ్న

కీనోట్-177 పేపర్ నేనూ చదివాను. పెంబ్రొలిజుమాబ్ ఇచ్చినవాళ్లలో 29% మందికి మొదటి నుంచే మందు పనిచేయక జబ్బు పెరిగింది. కీమోలో అది 12 శాతమే. ఇది కూడా ఆ కుటుంబానికి తెలియాలి కదా.

పాథాలజీబల్ల

తెలియాలి, ఒప్పుకుంటాను. లాభం పొందినవాళ్లకి అది ఏళ్ల తరబడి నిలుస్తుంది. పొందనివాళ్లకి మొదటి రెండు మూడు నెలల్లోనే బయటపడుతుంది. అందుకే మొదటి స్కాన్ ఆలస్యం చేయకూడదు. జబ్బు వేగంగా పెరుగుతున్నవాళ్లకి రెండు మందులు కలిపి ఇవ్వడం గురించి డాక్టర్లు ఆలోచించేదీ ఇందుకే.

దీనికి పాథాలజీ వైపు నుంచి ఒక మాట చేర్చాలి. 2019లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఒక స్టడీలో, ఇమ్యూనోథెరపీ మొదటి నుంచే పనిచేయనివాళ్ల ముక్కల్ని మళ్లీ పరీక్షించారు. వాళ్లలో కొందరికి అసలు ఎంఎంఆర్ లోపమే లేదు, మొదటి రిపోర్ట్ తప్పు. ఐహెచ్‌సీ రిపోర్ట్‌లో ఏమాత్రం తికమక ఉన్నా, లేదా నాలుగు ప్రొటీన్లలో ఏది లేదో రాయకుండా ఊరికే "పాజిటివ్" అని ముగించినా, పీసీఆర్ పద్ధతిలో ఎంఎస్ఐ పరీక్ష కూడా అడిగి చేయించండి. ప్రొటీన్ పరీక్ష, డీఎన్‌ఏ పరీక్ష రెండూ ఒకేమాట చెప్తే గుండె మీద చెయ్యి వేసుకుని మందు మొదలుపెట్టవచ్చు.

గోరువంక

నేను చాలా రోజులుగా చదువుతూ వెళ్లిపోయేదాన్ని, రాయడం ఇదే మొదటిసారి. మా తమ్ముడికి స్టేజ్ 4. నాలుగు ప్రొటీన్లూ ఉన్నాయట, రిపోర్ట్‌లో ఎంఎస్ఎస్, అంటే మైక్రోశాటిలైట్ అస్థిరత లేదని, రాశారు. ఇమ్యూనోథెరపీ అడిగితే మీకు పనిచేయదన్నారు. డబ్బు గురించి ఆలోచించి అలా అంటున్నారా అని అనుమానం. పైన ఇవన్నీ చదువుతుంటే ఏడుపొచ్చింది. మా వాడికి దారి లేదా?

టీకణం

గోరువంక గారూ, డాక్టర్ మీకు నిజమే చెప్పారు. దాచిందేమీ లేదు. స్టేజ్ 4లో దాదాపు 95 శాతం మంది మీ తమ్ముడిలాంటివాళ్లే. వాళ్ల గడ్డల్లో మార్పులు తక్కువ, టీ-కణాలకి పరాయిగా కనిపించే ముక్కలు తక్కువ. చాలా గడ్డల్లో టీ-కణాలు అంచు దగ్గరే ఆగిపోతాయి. చుట్టూ ఉన్న కణజాలం టీజీఎఫ్-బీటా అనే ప్రొటీన్‌ని వదిలి వాటిని లోపలికి రానివ్వదు. బ్రేక్ తీసినా, లోపల టీ-కణాలే లేనప్పుడు లాభం ఉండదు. అటెజొలిజుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందుకి కొబిమెటినిబ్ జోడించి ఇలాంటి గడ్డల్ని లొంగదీయాలని ఐఎంబ్లేజ్370 ట్రయల్ చేశారు. అప్పటికే ఉన్న రెగొరాఫెనిబ్ కంటే ఆయుష్షు పెరగలేదు. ఫలితం లేని మందుకి ఆస్తులు అమ్ముకుని, పైగా దాని సైడ్ ఎఫెక్టులు భరించే కుటుంబాల్ని చూస్తే నాకు చాలా బాధ.

కానీ దారి లేదని కాదు. మీ తమ్ముడి ముక్కతోనే తెలుసుకోవాల్సినవి ఇంకా ఉన్నాయి. కేరాస్, ఎన్‌రాస్ అనే జీన్లలో మార్పులు లేకపోతే, ముఖ్యంగా గడ్డ ఎడమవైపు ఉంటే, సెటుక్సిమాబ్ లేదా పానిటుముమాబ్ కీమోతో కలిపి ఇస్తారు. బీరాఫ్ జీన్‌లో వీ600ఈ అనే మార్పు ఉంటే ఎన్‌కొరాఫెనిబ్ ఉంది. కేరాస్ జీ12సీ అనే ప్రత్యేకమైన మార్పు ఉన్న కొద్దిమందికి సొటొరాసిబ్, అడాగ్రాసిబ్ వచ్చాయి. హెర్2 ప్రొటీన్ సుమారు 3% మందిలో విపరీతంగా ఉంటుంది. రాస్ మార్పు లేకుండా అది ఉంటే ట్రాస్టుజుమాబ్‌తో టుకాటినిబ్ కలిపి ఇచ్చేందుకు అమెరికాలో 2023లో అనుమతి వచ్చింది. హెర్2ని కూడా ఇదే ఐహెచ్‌సీతో చూస్తారు. ఎన్‌జీఎస్ (చాలా జీన్లని ఒకేసారి చదివే పరీక్ష) చేయిస్తే పోల్ అనే జీన్ సంగతి అడగండి. అందులో కొన్ని మార్పులు ఉన్న గడ్డలు, నాలుగు ప్రొటీన్లూ ఉన్నా సరే, విపరీతమైన మార్పులతో నిండి ఇమ్యూనోథెరపీకి లొంగుతాయి. చాలా అరుదు, కానీ వెతకనిదే దొరకదు.

గోరువంక

హెర్2 చూశారో లేదో నాకు తెలియదు. రేపే ఫైల్ తీస్తాను. ఎవరూ ఇంత ఓపిగ్గా చెప్పలేదండీ.

మళ్లీవసంతం

గోరువంక గారూ, ఫైల్‌లో బ్లాక్ నంబర్ ఉంటుంది, అది రాసిపెట్టుకోండి. ముక్క ఉన్న మైనపు బ్లాక్‌ని ల్యాబ్‌లో భద్రపరుస్తారు. కొత్త పరీక్షలకి చాలాసార్లు అదే సరిపోతుంది, మళ్లీ ముక్క తీయాల్సిన పని ఉండదు.

నా ప్రశ్న కూడా ఒకటుంది. మా డాక్టర్ ఒకసారి "మీ గడ్డ అంచున లింఫోసైట్లు బాగా ఉన్నాయి, మంచి లక్షణం" అన్నారు. నాకు ఎంఎంఆర్ లోపం లేదు. మరి దానివల్ల ఏం మేలు?

పాథాలజీబల్ల

మేలే. ఎంఎంఆర్ సంగతి ఎలా ఉన్నా, గడ్డలోకి టీ-కణాలు ఎంత ఎక్కువ చేరితే జబ్బు తిరగబెట్టే అవకాశం అంత తక్కువ. 2006లో పారిస్‌లో జెరోమ్ గాలోన్ బృందం దీన్ని లెక్కగట్టి చూపించింది. గడ్డ మధ్యలోనూ, పాకే అంచులోనూ సీడీ3, సీడీ8 ప్రొటీన్లు ఉన్న టీ-కణాల్ని లెక్కిస్తే, మనిషి ఎలా ఉంటాడనేది మామూలు స్టేజింగ్ కంటే బాగా తెలుస్తోందని. అది ఇమ్యునోస్కోర్‌గా స్థిరపడింది. 2018లో 13 దేశాల్లో 2,681 మంది గడ్డల మీద పరీక్షించినప్పుడు కూడా నిలబడింది.

నా అభిప్రాయం చెప్పమంటే, ఈ లెక్క ప్రతి రిపోర్ట్‌లో ఉండాలి. గడ్డ ఎంత లోతుకి వెళ్లింది, ఎన్ని లింఫ్ గ్రంథులకి పాకింది అని పేజీలు రాస్తాం. ఎదురునిలిచిన శరీరం ఎంత పోరాడిందన్నది మాత్రం ఒక్క లైన్‌లో తేల్చేస్తాం, కొన్నిసార్లు అదీ ఉండదు. ఇమ్యునోస్కోర్ కిట్ అందుబాటులో లేకపోయినా, మామూలు గులాబీ-నీలం స్టెయిన్‌లోనే లింఫోసైట్ల గుంపులు కళ్లకి కడతాయి. రాయడానికి అడ్డేముంది?

ఆరోమెట్టు

పీహెచ్‌డీలో ప్రొటియోమిక్స్, అంటే ప్రొటీన్లని పెద్దఎత్తున కొలిచే పని, చేస్తున్నాను. ఇంతవరకు అందరూ ముక్క గురించే మాట్లాడారు. రక్తంలో ఒకేసారి వేల ప్రొటీన్లు కొలిచే పద్ధతులు వచ్చాక, రక్తంతోనే పెద్దపేగు క్యాన్సర్‌ని ముందే పట్టొచ్చని మా ల్యాబ్‌లో గట్టి నమ్మకం. జీన్ ఎంత చురుగ్గా ఉందో చూసి ప్రొటీన్ ఎంత ఉంటుందో చెప్పలేమని 2014లో టీసీజీఏ అనే క్యాన్సర్ జీన్ల ప్రాజెక్టు సేకరించిన గడ్డల మీద చేసిన ప్రొటీన్ స్టడీయే చూపించింది. కాబట్టి ప్రొటీన్‌నే నేరుగా కొలవాలి.

పాథాలజీబల్ల

పరిశోధన చేయండి, తప్పకుండా కావాలి. కానీ ఇప్పుడే ఒక ప్రొటీన్ పరీక్ష మనుషుల ప్రాణాలు కాపాడుతోంది, దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు. మలంలో రక్తం ఆనవాలు చూసే ఫిట్ పరీక్ష. అది మనిషి హిమోగ్లోబిన్‌లోని గ్లోబిన్ అనే ప్రొటీన్‌ని పట్టుకుంటుంది. పాత స్టడీలన్నీ కలిపి చూస్తే, ఒక్కసారి చేసినా క్యాన్సర్ ఉన్నవాళ్లలో దాదాపు 79% మందిని పట్టింది. రక్తంలో గడ్డ ప్రొటీన్లు మొదటి దశల్లో అతి తక్కువగా ఉంటాయి. పైగా ఏ వాపు వచ్చినా మారిపోయే ప్రొటీన్లు మధ్యలో అడ్డం పడతాయి. మీ ప్యానెల్ ఏదైనా ఫిట్‌తో పక్కపక్కన పెట్టి నెగ్గాలి. ఆ పోలిక లేకుండా "కొత్త మార్కర్" అని వచ్చే పేపర్లే ఎక్కువ.

ఆరోమెట్టు

ఒప్పుకుంటున్నాను సార్. మా గైడ్ కూడా ఫిట్‌తో పోల్చే శాంపిళ్ల కోసమే తిరుగుతున్నారు.

కొత్తసభ్యుడు

ఇమ్యూనిటీ పెంచే పౌడర్లు ఈ మందుతో పాటు వాడితే ఇంకా బాగా పనిచేస్తుందా?

డేకేర్అక్క

వద్దండీ. నేను ఇన్‌ఫ్యూజన్ వార్డులో పనిచేస్తాను, ఇది రోజూ ఎవరో ఒకరు అడిగే ప్రశ్న. ఇమ్యూనోథెరపీలో వచ్చే ఇబ్బందులు చాలావరకు ఇమ్యూనిటీ తక్కువై వచ్చేవి కావు, అది సొంత శరీరం మీదకి తిరగడం వల్ల వచ్చేవి. అలాంటప్పుడు లోపల ఏముందో తెలియని పౌడర్ ఎందుకు? లివర్ ఎంజైములు పెరిగితే అది మందు వల్లా, పౌడర్ వల్లా అని తేల్చుకోలేక డాక్టర్ తల పట్టుకుంటారు. ఏది వాడుతున్నా డబ్బాతో సహా తెచ్చి చూపించండి.

వేకువచుక్క గారూ, అమ్మగారికి ఈ మందు ఇచ్చేటట్లయితే ఇది గుర్తుపెట్టుకోండి. పెంబ్రొలిజుమాబ్ సెలైన్‌లా అరగంటలో ఎక్కుతుంది, మూడు వారాలకోసారి లేదా పెద్ద డోసైతే ఆరు వారాలకోసారి. కీమోలా జుట్టు ఊడదు, వాంతులు తక్కువ. అందుకే ఇంట్లోవాళ్లు ఇది తేలిక మందు అనుకుంటారు. విరేచనాలు రోజూ అయ్యేవాటికన్నా నాలుగైదు ఎక్కువైతే ఇంట్లో ఉన్న మాత్ర వేసి చూద్దాం అనుకోవద్దు, వెంటనే ఫోన్ చేయండి. అది పేగు వాపు కావొచ్చు, ఆలస్యమైతే ప్రమాదం. కొత్తగా ఆయాసం, దగ్గు వచ్చినా అంతే. థైరాయిడ్ దెబ్బతినడం తరచుగా చూస్తాం, మాత్రతో సర్దుకుంటుంది. ఛాతీలో నొప్పి, కళ్లు పచ్చబడడం, విపరీతమైన దాహం, తగ్గని తలనొప్పి, ఏదైనా సరే చెప్పాల్సిందే. మందు ఆపేసిన నెలల తర్వాత కూడా ఇవి రావొచ్చు. వేరే జబ్బుకి వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లినా, ఈ మందు తీసుకున్నానని అమ్మగారు మొదటే చెప్పాలి.

నిర్వాహకులు

చర్చ బాగా సాగుతోంది. ఒక్క మనవి, ఎవరికీ ఇక్కడ డోసులు సూచించవద్దు, మందు మార్చమని చెప్పవద్దు. రిపోర్ట్ ఫొటోలు పెట్టేటప్పుడు పేరు, నంబర్లు చెరిపేయండి.

వేకువచుక్క

రిపోర్ట్ వచ్చింది. ఎంఎల్‌హెచ్1 లేదు, పీఎంఎస్2 లేదు. ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 ఉన్నాయి. పక్కనున్న లింఫోసైట్లలో స్టెయిన్ సరిగ్గా పడిందని కూడా రాశారు. పాథాలజీబల్ల గారు చెప్పకపోతే ఆ లైన్ చదివేదాన్నే కాదు. పీసీఆర్‌లో ఎంఎస్ఐ-హై. పెంబ్రొలిజుమాబ్‌తో మొదలుపెడదామన్నారు. సూటిప్రశ్న గారు చెప్పిన 29% సంగతి కూడా అడిగాను. మొదటి స్కాన్ త్వరగానే పెడతామని, అవసరమైతే మారుస్తామని చెప్పారు. నాన్న ఇప్పుడు శాంతించారు.

ఇంకో మాట అన్నారు, బీరాఫ్ పరీక్ష చేయాలని. అది ఎందుకు?

పాథాలజీబల్ల

మీ కుటుంబం కోసం. ఎంఎల్‌హెచ్1 పోవడానికి రెండు దారులు. వయసుతో పాటు గడ్డలోనే ఆ జీన్ ముందుభాగానికి మిథైల్ గుంపులు అతుక్కుని అది మూతబడిపోవచ్చు, అది వంశపారంపర్యం కాదు. ఎక్కువమందిలో జరిగేది అదే, వాళ్లలో చాలామందికి బీరాఫ్ వీ600ఈ కూడా ఉంటుంది. బీరాఫ్ మార్పు లేకపోతే మిథైలేషన్ చూస్తారు. అదీ లేకపోతే, పుట్టుకతోనే ఒక ఎంఎల్‌హెచ్1 కాపీ పాడై ఉండే లించ్ సిండ్రోమ్‌ని అనుమానించి రక్తపరీక్ష చేస్తారు. మొత్తం పెద్దపేగు క్యాన్సర్లలో లించ్ వాటా 3% వరకు. అమ్మగారి వైపు ఎవరికైనా పేగు క్యాన్సర్, గర్భాశయ క్యాన్సర్ చిన్నవయసులో వచ్చాయా?

వేకువచుక్క

మా మేనమామకి నలభై దాటగానే పేగు ఆపరేషన్ అయింది. ఏమిటో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. పిన్నికి గర్భసంచి తీసేశారు, క్యాన్సర్ అని తర్వాత తెలిసింది. ఇవన్నీ ఒకదానికొకటి సంబంధం ఉన్నవని మాకు ఎప్పుడూ తట్టలేదు.

పాథాలజీబల్ల

అయితే జెనెటిక్ కౌన్సెలర్‌ని కలవకుండా ఉండకండి. ఇది వెళ్లగానే డాక్టర్ గారికి చెప్పాల్సిన విషయం.

వేకువచుక్క

కొన్ని వారాలుగా రాయలేకపోయాను, క్షమించండి. బీరాఫ్ లేదు, మిథైలేషన్ లేదు. అమ్మ రక్తంలో ఎంఎల్‌హెచ్1 జీన్‌లో మార్పు దొరికింది. లించ్ అని ఖాయం చేశారు. అమ్మకి పెంబ్రొలిజుమాబ్ నడుస్తోంది. మొదటి స్కాన్‌లో లివర్ మచ్చలు చిన్నవయ్యాయి. హిమోగ్లోబిన్ పెరుగుతోంది, తనే లేచి తిరుగుతోంది. థైరాయిడ్ దెబ్బతింది, మాత్ర వేసుకుంటోంది. డేకేర్అక్క గారు చెప్పి ఉండటంతో భయపడలేదు.

నాకూ తమ్ముడికీ ఆ మార్పు వచ్చే అవకాశం సగం సగం అన్నారు. ఇద్దరం రక్తం ఇస్తాం. పిన్నికీ, మామయ్య పిల్లలకీ ఎలా చెప్పాలో తెలియడం లేదు. పెళ్లి కావాల్సిన పిల్లలున్నారు, ఇది బయటికి రానివ్వొద్దని పిన్ని అంటుందేమో.

మళ్లీవసంతం

చెప్పండమ్మా. ఒక్కసారి కోప్పడినా తర్వాత అర్థం చేసుకుంటారు. ఉందని తెలిస్తే కొలొనోస్కోపీ 20–25 ఏళ్ల వయసు నుంచే, ఏడాదికో రెండేళ్లకో చేయించుకుంటారు. క్యాన్సర్‌గా మారకముందే చిన్న పాలిప్‌గా ఉన్నప్పుడు తీసేస్తారు. లేదని తేలితే ఆ బెంగే ఉండదు.

టీకణం

ఇంకో సంగతి కూడా కౌన్సెలర్‌ని అడగండి. లించ్ ఉన్నవాళ్లకి రోజూ ఆస్పిరిన్ ఇచ్చి క్యాప్2 అనే ట్రయల్ చేశారు. ఏళ్ల తర్వాత చూస్తే పెద్దపేగు క్యాన్సర్ వచ్చినవాళ్లు ఆస్పిరిన్ వైపు 9%, ఉత్తుత్తి మాత్ర వైపు 13%. సొంతంగా మొదలుపెట్టేది కాదు, కడుపులో పుండ్లు, రక్తస్రావం సంగతి డాక్టర్ చూడాలి.

డేకేర్అక్క

వేకువచుక్క గారూ, పిన్నితో ఫోన్‌లో వద్దు, కూర్చుని మాట్లాడండి. గర్భసంచి తీసేసినా ఆవిడకి పేగు పరీక్షలు అవసరం కావొచ్చు కాబట్టి ముందు ఆవిడ గురించే చెప్పండి, పిల్లల మాట తర్వాత. కౌన్సెలర్లు బంధువులకి ఇచ్చేందుకు ఒక ఉత్తరం రాసిస్తారు, అడిగి తీసుకోండి. అమ్మగారి జెనెటిక్ రిపోర్ట్ కాపీ తప్పకుండా ఇవ్వండి. అందులో జీన్ పేరు పక్కనే అంకెలు, అక్షరాలతో ఆ మార్పు పేరు ఉంటుంది. అది ఉంటే వాళ్ల రక్తంలో ఆ ఒక్కచోట వెతికితే చాలు, త్వరగా తేలిపోతుంది. చేత్తో రాసి ఇవ్వకండి, ఒక్క అక్షరం తేడా వచ్చినా వేరేచోట వెతుకుతారు.

వేకువచుక్క

కాపీలు తీయించాను. ఆదివారం పిన్ని ఇంటికి వెళ్తున్నాం, అమ్మ కూడా వస్తానంది.